ఖర్జూరం చెట్టుకు లొట్టి కట్టినవాడి ఊరికి

పార్కులు చూడటానికి సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వెళుతున్నానంటే మా బాపట్లలో నవ్వారు. సముద్రాన్ని పక్కన పెట్టుకుని అక్కడికెళ్ళి ఏం చూస్తావని మా ఆవిడ కూడా అడిగింది. నేను పద్నాలుగేళ్ళు గల్ఫ్‌లో ఒక నగరపు పార్కుల్లో సూపర్‌వైజర్‌గా చేశాను. ఇసుకలో గడ్డి పెంచడం నా ఉద్యోగం. ఏ ఊరు వెళ్ళినా ముందు పార్కుకు వెళతాను, గడ్డి మీద అరచెయ్యి పెట్టి తేమ చూస్తాను. కాబట్టి ఇంట్లో చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం.

మిగతా సగం అంజయ్య. సారంగాపూర్ దగ్గర ఒక పల్లె వాడిది. తాతల నాటి నుంచి కల్లు గీసే ఇల్లు. గల్ఫ్‌లో నా కింద, పార్కులోని ఖర్జూరం చెట్ల ఎండుమట్టలు కోసే పనిలో ఉండేవాడు. రోజూ ఆ చెట్ల నెత్తిన కూర్చునేవాడికి చేతులు ఎలా ఊరుకుంటాయి? "గిది మా ఈత చెట్టుకు పెద్దన్ననే, అన్నా" అనేవాడు. పెద్దన్న అయితే కల్లు ఇస్తాడేమో చూడు మరి అని ఒకరోజు నేనే రెచ్చగొట్టాను. మర్నాడు తెల్లవారేసరికి, నడకకు వచ్చేవాళ్ళు ఇంకా రాకముందు, నీళ్ళసీసాను కోసి కల్లు పట్టే లొట్టిలా కట్టి దించిన తెల్లటి రసం తెచ్చి నా చేతికిచ్చాడు. తాగాను. ఆ తర్వాత పదిరోజులు తాగాను.

ఆపైన తనిఖీకి వచ్చినవాళ్ళు చెట్టుకు వేలాడే సీసా చూశారు. ఆ దేశంలో అది చిన్న తప్పు కాదు. ఇది ఎవరి పని అని ఆఫీసులో అడిగితే అంజయ్య పేరు నేనే రాసిచ్చాను. నేను అడిగితే కట్టాడని రాయలేదు. నేను తాగానని రాయలేదు. పోలీసుల దాకా పోకుండా వాడిని ఇంటికి పంపేశారు, అది నా మాట వల్లేనని వాడు నమ్మాడు. సరిగ్గా అదే రోజు, వాడితో ఒకే గదిలో ఉండే, మా పార్కులోనే కంచెలు కత్తిరించే రాజేశం సెలవు కాగితం కోసం ఆఫీసుకు వెళ్ళాడు. ఇద్దరూ ఒకే ఊళ్ళో కలిసి పెరిగినవాళ్ళు. విమానాశ్రయంలో అంజయ్య నన్ను అడిగాడు, తన పేరు చెప్పింది రాజేశమేనా అని. నేను కాదనలేదు. "పోనీలే, మనసులో పెట్టుకోకు" అన్నాను. అంతకంటే నీచమైన మాట నా జన్మలో ఆడలేదు.

ఇది జరిగి పదకొండేళ్ళు. ప్రతి దసరాకు అంజయ్య ఫోన్ చేస్తాడు, ఒక్కసారి మా దిక్కు రమ్మంటాడు. ఈసారి వెళ్ళి నిజం చెప్పాలని బయల్దేరాను. చెబితే ఆ ఫోన్ ఇక రాదని తెలుసు.

సిరిసిల్ల

సిరిసిల్లలో బస్సు దిగగానే చెవిన పడేది మరమగ్గాల చప్పుడు. ఇక్కడివాళ్ళు వాటిని సాంచాలంటారు. రెండు మూడు వీధుల పాటు ఆ చప్పుడు మనతో నడుస్తుంది. పార్కు గేటు దాటి చెట్ల కిందికి వెళ్ళాక కాస్త వెనకబడుతుంది.

పార్కులో నా పాత జబ్బు బయటపడింది. మిట్టమధ్యాహ్నం ఒకామె కుళాయి గొట్టంతో గడ్డికి నీళ్ళు పెడుతోంది. ఎండలో పెడితే సగం ఆవిరైపోతాయని, తెల్లవారుజామున పెట్టాలని పాఠం చెప్పాను. ఆమె గొట్టం ఆపకుండానే నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నల్లా పొద్దుగాల అస్తె పొద్దుగాలనే పెడ్త సారూ. నల్లా గిప్పుడస్తది. గడ్డికి గడియారం గట్టాల్నా?"

చెట్ల కింద చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. మా వైపు పార్కుకు వచ్చేది ఊరికే కూర్చోవడానికి. వీళ్ళు నీడ కోసం వచ్చారుగానీ చేతులు మాత్రం ఇంట్లోలాగే ఆడుతున్నాయి. తునికాకు కత్తిరించడం, పొగాకు వేయడం, చుట్టడం, దారం కట్టడం, అంతా చూపు అటు తిప్పకుండానే. మాటల మధ్యలో ఒకామె సర్వపిండి ముక్క విరిచి ఇచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నె అడుగున ఒత్తి కాల్చే రొట్టె అది. బజారులో ఇరవై రూపాయలకు కొన్నది తర్వాత తిన్నాను, ఆ ముక్క రుచి రాలేదు.

సర్వపిండి తినే ధ్యాసలో పక్కన పెట్టిన సంచి మరిచాను. అంజయ్య కోసం తెచ్చిన బందరు లడ్డు పెట్టె అందులో ఉంది. ఒక కోతి వచ్చి, సంచి వదిలేసి పెట్టె మాత్రం పట్టుకుని చెట్టెక్కింది. మీ దిక్కు లడ్డూలు మా కోతులు ఎన్నడూ తినలేదు, పుణ్యమొస్తదిలే అన్నారు బీడీల ఆడవాళ్ళు. అలా తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళేవాణ్ణి ఉత్త చేతుల్తో మిగిలాను.

సాయంత్రం మానేరు ప్రాజెక్టు కట్ట మీదికి వెళ్ళాను. నేను సముద్రం పక్కన పుట్టినవాణ్ణి, నీళ్ళు చూసి ఆశ్చర్యపోయే రకం కాదు. కానీ సముద్రం కదులుతూ ఉంటుంది, ఈ నీళ్ళు కదలవు. కొండల దాకా పరుచుకుని, ఆకాశాన్ని ముడత పడకుండా పట్టుకుని ఉన్నాయి. నీళ్ళ మధ్యలో అక్కడక్కడా తలలేని తాటిచెట్లు నిలబడి ఉన్నాయి. అవి ఒకప్పుడు ఎవరి పొలం గట్ల మీద ఉండేవో. ఒక కుటుంబం కట్ట మీద దుప్పటి పరిచి పులిహోర తింటోంది. అందులో పెద్దాయన నీళ్ళవైపు చెయ్యి చాపి, మునిగిపోయిన తన ఇల్లు ఉండే చోటు మనవరాలికి చూపిస్తున్నాడు. ఆ పిల్ల అక్కడికి పడవలో పోదామంటోంది. నేను టోపీ తీసేసి నిలబడ్డాను. ఎందుకు తీశానో నాకే తెలియదు.

వీర్నపల్లి దారిలో

రెండో రోజు వీర్నపల్లికి షేర్ ఆటో ఎక్కాను. మాటల్లో పడి దిగాల్సిన చోటు కంటే ముందే ఒక తండా దగ్గర దిగాను. ఆటో వెళ్ళిపోయింది. రెండు కిలోమీటర్లు నడవాలన్నారు. ఆ పొరపాటుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

దారికి రెండు వైపులా అడవి. మోదుగలు పూసే కాలం. చెట్టుకు ఒక్క ఆకు లేదు, నిలువెల్లా నిప్పు రంగు పూలు. రాళ్ళగుట్టల మధ్య అలాంటివి ఒకటి కాదు, చూపు ఆనినంత మేర. నా పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒక్కో పూల మడికి ఎంత ఎరువు, ఎన్నిసార్లు నీళ్ళు, ఎంతమంది మనుషులు అని లెక్కలు రాసేవాణ్ణి. రెండు పూటలు గొట్టం కట్టేస్తే మా పార్కు మళ్ళీ ఇసుకే. ఇక్కడ ఎవరూ ఒక్క చెంబు నీళ్ళు పోయలేదు. నడవడం ఆపి ఒక రాయి మీద కూర్చున్నాను.

పక్క చేను రైతు నన్ను చూసి, దారి తప్పినవాడినేమోనని వచ్చాడు. పార్కులు చూడటానికి తిరుగుతున్నానని చెప్పాను. ఊళ్ళో ప్రకృతి వనం ఉందని, బెంచీలు కూడా వేశారని చెప్పి, కాస్త ఆలోచించి అన్నాడు.

"గా బెంచీల మీద కూసుంటె గీ గుట్టనే కనవడ్తది సారూ. గుట్ట మీదనే కూసున్నంక ఇంక బెంచేంది?"

వాళ్ళ ఇంటావిడ మక్క గటక, పచ్చిపులుసు తెచ్చింది. మొక్కజొన్న రవ్వను అన్నంలా ఉడికించేదే గటక. మా వైపు మొక్కజొన్నంటే పొత్తులు కాల్చుకోవడమే. చెట్టు కింద ముగ్గురం తిన్నాం. డబ్బులు ఇవ్వబోతే ఆయన మొహం మాడ్చుకున్నాడు. పేరు కూడా అడక్కుండా అన్నం పెట్టారు. పక్కనే తిరిగిన మనిషి పేరు నేను కాగితం మీద రాసిచ్చాను. తింటున్నంత సేపూ అదే గుర్తొచ్చింది.

కోరుట్ల

కోరుట్ల చేరకముందే వాసన ఎదురొచ్చింది. పసుపు ఉడకబెట్టే రోజులవి. పొలాల్లో పెద్ద పెద్ద డ్రమ్ముల్లోంచి ఆవిరి లేస్తోంది. ఉడికిన కొమ్ములు టార్పాలిన్ల మీద ఎకరాల కొద్దీ ఆరబోసి ఉన్నాయి. షేర్ ఆటోలో నా పక్కనున్నావిడ చేతులు మణికట్టు దాకా పసుపు. మా ఇళ్ళల్లో పెళ్ళికూతురికి తప్ప చేతులకు అంత రంగు చూడలేదు.

పార్కు గేటు దగ్గర టీ బండి పెట్టుకున్నాడు రాజేశం. ఆ సంగతి గల్ఫ్‌లో మాతో పనిచేసిన ఇంకొకాయన ముందే చెప్పాడు. జుట్టు నెరిసింది కానీ గుర్తుపట్టాను. నాకంటే ముందే అతను గుర్తుపట్టి, పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పది రూపాయల టీకి డబ్బులు తీసుకోలేదు. బండి పక్కవాడికి అప్పగించి పార్కంతా తిప్పి చూపించాడు. చుట్టూ నడక దారి, వ్యాయామం చేసే ఇనుప సామాను, గోరింట కంచె. కంచె కత్తిరింపు చూసి ఇది మన చేతి పనిలా ఉందే అన్నాను. తానే తెల్లవారి తీరికలో కత్తిరిస్తానని, ఎవరూ అడగలేదని, చేతులు ఊరుకోవని చెప్పాడు.

అంజయ్య సంగతి అతనే ఎత్తాడు. పదకొండేళ్ళుగా మాటలు లేవట. ఊళ్ళో అందరి ముందూ అంజయ్య తనను "పేరు చెప్పినోడు" అన్నాడట. అప్పటి నుంచి రాజేశం ఊరు వదిలి కోరుట్లలోనే ఉంటున్నాడు.

"మా అమ్మ సచ్చిపోతె సుత రాలే సారూ. పగోడు సుత సావుకస్తడు గద."

అప్పుడే చెప్పాలి. నోటి దాకా వచ్చింది కూడా. ముందు చెప్పాల్సింది అంజయ్యకు కదా అని నాకు నేను ఒక న్యాయం చెప్పుకున్నాను. నిజానికి భయం. టీ చల్లారిందన్నాను. అతను ఆ గ్లాసు పారబోసి వేడిది పోసి తెచ్చాడు.

జగిత్యాల

జగిత్యాల ఖిల్లాను పైనుంచి చూస్తే నక్షత్రంలా ఉంటుందట. కింద నుంచి చూసేవాడికి ఆ సంగతి అర్థం కావడానికి సమయం పడుతుంది. గోడ వెంట నడుస్తుంటే దారి ఒక మూలకు వెళుతుంది, మళ్ళీ లోపలికి విరుగుతుంది, మళ్ళీ మూల. చుట్టూ కందకం. ఎటు నుంచి వచ్చేవాడైనా రెండు వైపుల నుంచి కనబడాలని అలా కట్టారని అక్కడ నడకకు వచ్చిన ఒక రిటైర్డ్ టీచరు చెప్పారు. దాక్కోవడానికి మూల దొరకదన్నమాట. రాళ్ళ మీద అరచెయ్యి ఆనించాను. ఎండకు వెచ్చగా, నున్నగా ఉన్నాయి. ఇంత బరువును ఇంత అందంగా మడిచినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు.

టీచరుగారు తమ మామిడి తోట చూపిస్తానని తీసుకెళ్ళారు. పూత విరగబూసి ఉంది. చెట్ల కింద నిలబడితే తేనెటీగల మోతకు మాట వినబడదు. అంత మోతలోనూ నా తలలో రాజేశం మాటే వినబడింది. సాయంత్రం గది తీసుకుని అంజయ్యకు ఫోన్ చేశాను. వచ్చానని చెప్పగానే అటువైపు నుంచి ఇంట్లోవాళ్ళను కేకేసి పిలుస్తున్న గొంతు.

సారంగాపూర్ ఈతవనం

నాలుగో రోజు పొద్దున్నే సారంగాపూర్‌లో దిగేసరికి బైకు మీద సిద్ధంగా ఉన్నాడు. కౌగలించుకుంటే ఊపిరాడలేదు. హోటల్లో, పాన్ డబ్బా దగ్గర, కనబడిన ప్రతివాడికీ నన్ను చూపించి, జైలుకు పోకుండా తనను కాపాడిన అన్న అని చెప్పాడు. వాళ్ళు నాకు దండాలు పెట్టారు. తిరిగి దండం పెట్టాను. చేతులు మాత్రం నావి కావనిపించింది.

ఈతవనం వాగు ఒడ్డున ఉంది. ఇక్కడ నేను చూసినది సరిగ్గా చెప్పగలనో లేదో. వందల చెట్లు. ప్రతి చెట్టు మాను మీదా ఏడాదికో గాటు, ఒకసారి ఇటు, మరోసారి అటు. కింద నుంచి పైకి మెట్లలా ఉన్న ఆ గాట్లు లెక్కపెడితే చెట్టు వయసు కాదు, గీసినవాళ్ళ తరాలు తెలుస్తాయి. కింది గాట్లు తాతవని, నడిమివి నాయనవని, పైవి తనవని చూపించాడు. మధ్యలో రెండేళ్ళ గాట్లు చిన్నగా, వంకరగా ఉన్నాయి. అవి తాను గల్ఫ్‌లో ఉన్నప్పుడు ఎవరో పరాయివాడు గీసినవట. చిలకలు గుంపులుగా లేచి మళ్ళీ వాలుతున్నాయి. వాగు దగ్గర రాళ్ళ మీద ఐదారుగురు ముసలివాళ్ళు కూర్చుని కబుర్లాడుకుంటూ తాజా కల్లు కోసం చూస్తున్నారు. ఎన్ని దేశాల తోటమాలులు ఎన్ని నక్షాలు గీసినా ఇలాంటి చోటు తయారుచేయలేరు.

"గిదే మా పార్కు, అన్నా" అని, నడుముకు మోకు బిగించి చెట్టెక్కాడు.

వాడి మొహం చూస్తూ చెప్పలేనని నాకు తెలుసు. అందుకే వాడు పైకి చేరి, లొట్టి విప్పడానికి అటు తిరిగాక చెప్పాను. ఇది నా చివరి పిరికితనం.

"అంజయ్యా, ఆ రోజు ఆఫీసులో నీ పేరు రాసిచ్చింది రాజేశం కాదు. నేను. కట్టమన్నదీ నేనే, తాగిందీ నేనే, పేరు రాసిచ్చిందీ నేనే."

అన్నాక గాని తట్టలేదు, మోకు మీద వేలాడే మనిషితో అనాల్సిన మాటా ఇది అని. పైన చేతులు ఆగాయి. తర్వాత లొట్టి విప్పాడు, మట్టలు సర్దాడు, ఒక్కొక్క అడుగే దిగాడు. లొట్టి నిండుగా ఉంది. నేల మీద పెట్టేదాకా చుక్క ఒలకలేదు.

"రాజిగాడు గాదా?"

"కాదు."

"ఎయిర్‌పోర్టు కాడ అడిగితి గదనే నిన్ను."

అడిగావన్నాను. వాడు నా వైపు చూడలేదు. చెట్టు వైపు చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

"ఆల్లమ్మ పోయిన్నాడు నేను గీ చెట్టు మీదనే ఉన్న. డప్పు సప్పుడు ఇనవడ్డది. గా ముసల్ది నాకు సుత బువ్వ వెట్టింది. నేను దిగలే."

కొడతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనిపించింది. వాడు మోకు విప్పి చెట్టుకు తగిలించి, లొట్టి తీసుకెళ్ళి ముసలివాళ్ళ ముందు పెట్టి, ఇవాళ మీరే వంచుకొమ్మని, తనకు కోరుట్లలో పనుందని చెప్పాడు. తోటలో ఇంకా దించాల్సిన లొట్లు ఉన్నాయి. బైకు తీసి, నా వైపు తిరగకుండా "ఎక్కు" అన్నాడు.

మళ్ళీ కోరుట్ల

గంటకు పైగా ప్రయాణం. వెనక కూర్చున్నాను. వాడి వీపు తప్ప ఏమీ కనబడలేదు. మధ్యలో ఎక్కడో పసుపు ఆవిరి దారికి అడ్డంగా వచ్చింది, అందులోంచి వెళ్ళాం.

టీ బండి ముందు నలుగురు నిలబడి ఉన్నారు. బైకు దిగిన అంజయ్యను చూసి రాజేశం చేతిలోని గరిటె ఆగింది. ఈసారి నేనే ముందు నడిచాను. నలుగురి ముందే, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. మొన్న ఇదే బండి దగ్గర టీ తాగుతూ దాచానని కూడా చెప్పాను. నేను చెబుతున్నంత సేపూ రాజేశం ఆ నలుగురికీ టీ పోస్తూనే ఉన్నాడు. ఒక్కో గ్లాసు తుడిచి, పోసి, చేతికిచ్చాడు. అంజయ్య తల దించుకుని బైకు పక్కనే నిలబడ్డాడు. చివరి గ్లాసు ఇచ్చాక రాజేశం నన్ను దాటి వెళ్ళి వాడి ముందు నిలబడ్డాడు.

"గిప్పుడచ్చినవా, అంజిగా?"

రాజేశం వాడి భుజం పట్టి పార్కు గేటు వైపు తిప్పాడు. పోతూ పోతూ వెనక్కి చూడకుండానే, పాలు పొయ్యి మీద ఉన్నాయి, జర చూడమని నాతో అన్నాడు.

అలా నేను టీ బండి దగ్గర, పాలగిన్నె ముందు కూర్చున్నాను. గేటులోంచి నడక దారి కనబడుతుంది. మొదటి చుట్టు ఇద్దరూ దూరం దూరంగా నడిచారు. రెండో చుట్టులో రాజేశం గట్టిగా తిడుతున్నాడు, చెయ్యి గాల్లో ఊపుతూ, "మా అమ్మ" అన్న మాట ఒక్కటే ఇక్కడికి వినబడింది. అంజయ్య పైపంచెతో మొహం తుడుచుకుంటున్నాడు. మూడో చుట్టుకు ఏమీ వినబడలేదు. ఇద్దరి అడుగులూ ఒకేసారి పడుతున్నాయి. నాలుగో చుట్టులో గోరింట కంచె దగ్గర ఆగి, రాజేశం ఏదో చూపిస్తుంటే అంజయ్య వంగి చూశాడు.

మానేరు నీళ్ళ ముందు, మోదుగల ముందు, ఈతవనం ముందు నిలబడిపోయినవాణ్ణే. వాటన్నిటి కంటే పెద్దది ఇప్పుడు నా కళ్ళ ముందు, వెయ్యి గజాలు కూడా లేని సిమెంటు దారి మీద తిరుగుతోంది. అందులో నాకు చోటు లేదు. ఉండాలని అడిగే హక్కూ లేదు.

ఐదో చుట్టులో గేటు ముందుకు వచ్చినప్పుడు అంజయ్య ఆగకుండా, నా వైపు ఒక్కసారి చూసి అన్నాడు.

"పన్నెండింటికి కరీంనగర్ బస్సున్నది, సారూ."

వాడు నన్ను సారూ అనడం అదే మొదలు. పొయ్యి ఆర్పి, పాల మీద మూత పెట్టి, లేచాను.